బావగారి ట్రెయిలర్

పోయిన శనివారం పదకొండు గంటలకి కెనడాలో కనాటా అనే ఊళ్ళో మా ఇంటి ముందు శిరీష కారు ఆగింది. శిరీష మా బావగారి కూతురు, అంటే మా ఆయన రఘు అన్నగారి అమ్మాయి. తల్లి పోయాక రెండేళ్ళు నా చేతుల్లోనే పెరిగింది. ముందు సీట్లో బావగారు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, సీటుబెల్టు ఊడదీసుకోవడానికి తంటాలు పడుతున్నారు. వెనక శిరీష పిల్లలిద్దరూ, ఏడేళ్ళ పిల్ల, ఐదేళ్ళ పిల్లాడు. నేను ఎదురెళ్ళి వెనక తలుపు తీస్తే పిల్లలు నన్ను చూసి నవ్వారు గానీ నోరు మెదపలేదు. కిందకి దిగి గడ్డి మీద కాలు పెట్టాకే మొదలైంది గోల. వాళ్ళుండే బ్రాంప్టన్ నుంచి మా ఇంటికి ఐదు గంటల డ్రైవ్. "ఐదు గంటలూ ఇలాగే కూర్చోబెట్టావుటే? పిల్లలు కాదూ వాళ్ళు?" అన్నాను.

"కార్లో నో టాకింగ్ పిన్నీ. హైవే ఎక్కాక ఎవరూ మాట్లాడకూడదు. మా ఇంట్లో రూల్," అంది శిరీష డిక్కీలోంచి సంచులు తీస్తూ.

"అదేం రూలే తల్లీ!"

"యూ నో వై. ఆ రోజు నేను జ్యూస్ కావాలని ఏడవకపోతే డాడీ వెనక్కి తిరిగేవారు కాదు. మామ్ ఉండేది." ట్రాఫిక్ ఎలా ఉందో చెప్పినంత మామూలుగా చెప్పింది. సంచి నా చేతికిచ్చి, "ఇందులో నీకు గోంగూర ఉంది, ఫ్రిజ్‌లో పెట్టు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నేను మొదటిసారి వినడం కాదు. బావగారి నోట విన్నాను, వాళ్ళమ్మ పదమూడో రోజున, భోజనాలకొచ్చినవాళ్ళందరి ముందూ విన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, మర్చిపోతుందిలే అనుకున్నాను. అది మర్చిపోలేదు. దాంతోపాటే పెరిగింది, చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, ఇప్పుడు దాన్ని పిల్లల నోళ్ళ మీద మూతలాగా పెట్టింది. అది అబద్ధమని ఈ భూమ్మీద బతికున్నవాళ్ళలో గట్టిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

కాఫీలు తాగుతుండగా ఫోన్లో ఫోటోలు చూపించింది. వచ్చే వారం ట్రెయిలర్ తెచ్చుకుంటున్నారట. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. "మా ఆయన ఎస్‌యూవీ ఏడు వేల పౌండ్లు లాగుతుంది పిన్నీ. ఇది ఐదున్నర వేలే. చాలా మార్జిన్ ఉంది," అంది. బావగారు సోఫాలోంచి, "ఇంజన్ గట్టిది. ఇట్టే లాగేస్తుంది. నేను చూశాగా," అన్నారు. అదే గొంతు, అదే ధీమా, ఇన్నేళ్ళకీ! నాలుగింటికి వాళ్ళు వెళ్ళిపోతారు, ఈ ఊళ్ళోనే స్నేహితుల ఇంట్లో రాత్రి భోజనం ఉంది. ఈలోగా చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్ల తన ఇద్దరు పిల్లల్నీ నోళ్ళు మూయించి, అదే తప్పు వెనక తగిలించుకుని, అదే రోడ్డెక్కుతుంది. వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను గానీ మనసంతా బ్రాంప్టన్ ఇంట్లోనే ఉంది.

పెళ్ళయి నేను కెనడా వచ్చేసరికి మా బావగారూ, ఆయన భార్య పద్మక్కయ్యా బ్రాంప్టన్‌లో సొంత ఇల్లు కొనుక్కుని ఉన్నారు. మేము కింద బేస్‌మెంట్‌లో. పైన అక్కయ్య పోపు వేస్తే ఇంగువ వాసన హీటర్ గొట్టాల్లోంచి సూటిగా మా మంచం మీదకే దిగేది. నా అలారం అదే. కిటికీ అంటే గోడ పైన అర అడుగు వెడల్పు గాజుముక్క, అందులోంచి చలికాలమంతా మంచు తప్ప మరేం కనపడేది కాదు. అయినా ఆ ఇల్లు నాకు ఇష్టమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. అక్కయ్య నన్ను చెల్లెలి కంటే ఎక్కువ చూసుకుంది. నాకు ఒంట్లో బాగాలేకపోతే మిరియాల చారు గ్లాసులో పోసి మెట్ల మీద కూర్చుని నేను తాగేదాకా లేచేది కాదు. ఆవిడ చీరలకి ఎప్పుడూ సాంబ్రాణి వాసన, చేతులకి ఎప్పుడూ నానబెట్టిన మినప్పప్పు వాసన. అటు టీవీ చూస్తూనే ఇటు శిరీషకి అన్నం కలిపి ముద్దలు పెట్టేసేది.

బావగారు విశాఖపట్నంలో పెద్ద ఫ్యాక్టరీలో క్రేన్ల విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్. ఆ దిగజారుడు ఆయన ఏనాడూ పైకి చెప్పుకోలేదు గానీ, ఇంట్లో మాత్రం ఇంజనీరు గారే. ఆయనకో అలవాటుండేది. కొట్టు నుంచి ఏ సంచి వచ్చినా చేత్తో ఎత్తి, కాసేపు కళ్ళు మూసుకుని బరువు చెప్పేవారు. "తొమ్మిది పౌండ్లు. చూడు కావాలంటే." అక్కయ్య బాత్రూమ్ కాటా తెచ్చి చూస్తే నిజంగానే తొమ్మిదో, తొమ్మిదిన్నరో ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళ పిల్లల్ని ఎత్తి బరువు చెప్పడం, వాళ్ళు చప్పట్లు కొట్టడం, అదో వేడుక. తప్పినప్పుడు ఎవరూ ఎత్తి చూపేవాళ్ళు కాదు. పండక్కి వచ్చిన చుట్టం సూట్‌కేసు ఏభై పౌండ్లన్నారు, ఎయిర్‌పోర్టులో అరవై రెండు తూగింది. ఆ సంగతి చుట్టం మాకు ఫోన్లో చెప్పి నవ్వాడు, మా ఆయన నవ్వాడు, బావగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక మాటల సంగతి. మా అత్తగారి వైపు తమ్ముడి భార్య బావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. ఆయన వస్తుంటే లేచి నిలబడాలి, చెప్పాల్సింది ఉంటే మొగుడితోనో తోటికోడలితోనో చెప్పించాలి. ఊళ్ళో అయితే పెద్ద ఇళ్ళు, సాగిందేమో. ఇక్కడ ఒకే వంటగదిలో నలుగురం, భుజాలు రాసుకుంటూ తిరిగేవాళ్ళం. నేను ఆయనకి మూడడుగుల దూరంలో పొయ్యి దగ్గర నిలబడి ఉంటే ఆయన మా ఆయన వైపు తిరిగి, "రఘూ, అమ్మాయిని కాస్త కాఫీ పెట్టమను," అనేవారు. మా ఆయన నా వైపు తిరిగి, "అన్నయ్యకి కాఫీ," అనేవాడు. నేను విననట్టు నటించి రెండోసారి వినాలి. "పంచదార అయిపోయింది" అని నేనంటే అదీ అలాగే ప్రయాణం చేసి వెళ్ళేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది. ఆ తర్వాత అలవాటైపోయింది, అదే పెద్ద దరిద్రం. పైగా మా ఆయన నోట్లో పడ్డ మాట అలా వెళ్ళేది కాదు. మూలలన్నీ అరగదీసి, మెత్తగా చేసి, అన్నయ్యకి నొప్పి తగలకుండా అందించేవాడు. నేను "ఈ హీటర్ గొట్టంలోంచి పొగ వాసన వస్తోంది, భయంగా ఉంది" అంటే, పైకి చేరేసరికి "కింద కాస్త వెచ్చగా ఉంటోందట అన్నయ్యా" అయ్యేది.

అప్పట్లో నాకు ఒక ట్రక్కుల యార్డు ఆఫీసులో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. యార్డులో కాటా ఉండేది. ట్రక్కు ఎక్కగానే ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసుల మీద ఎంత, ట్రెయిలర్ ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చీటీ మీద పడేది. ఆ చీటీలు నేను ఫైల్లో రాసుకోవాలి. ఒక పెద్దాయన, పంజాబీ డ్రైవరు, నన్ను "బేటీ" అని పిలిచేవాడు. చీటీ కోసం నిలబడ్డప్పుడల్లా పాఠం చెప్పేవాడు. మొత్తం బరువు తెలిస్తే సరిపోదు బేటీ, అది ఎక్కడ కూర్చుందో తెలియాలి. చిన్న ట్రెయిలర్లయితే వందకి పది నుంచి పదిహేను వంతుల బరువు లాగే బండి కొక్కెం మీద ఆనాలి, వెనక బరువెక్కితే అది తోక ఆడిస్తుంది, ఆడించడం మొదలుపెడితే ఆగదు, అనేవాడు. నాకు లెక్కలంటే ఇష్టం. బీకాం చదివి వచ్చి ఈ చీటీలు రాసుకుంటున్నానని మొదట ఏడుపొచ్చేది, తర్వాత ఆ అంకెలు చూస్తేనే ట్రక్కు ఎలా నిలబడి ఉందో కళ్ళకి కట్టేది. ఈ సంగతి ఇంట్లో చెబితే అక్కయ్య ముచ్చటపడింది. బావగారు పేపర్ మీంచి తలెత్తకుండా, "మంచిదే, కాలక్షేపం," అన్నారు, మా ఆయనతో.

ఆ వేసవిలో ఆయన ట్రెయిలర్ కొన్నారు. సెకండ్‌హ్యాండ్‌ది, తెల్లగా, పక్కన గోధుమరంగు చారతో. పది తెలుగు కుటుంబాలు కలిసి ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న పార్కులో మూడు రోజులు క్యాంపింగ్ అనుకున్నారు, అందరికీ వంట మా ట్రెయిలర్లోంచే అని బావగారు మాటిచ్చేశారు. ఆ రోజుల్లో ఆయన మొహం చూడాలి! వేర్‌హౌస్ నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా దాని దగ్గరికి వెళ్ళి తుడుచుకునేవారు. ఆయన్ని అంత సంతోషంగా మేమెప్పుడూ చూడలేదు, అందుకే ఎవరికీ నోరు రాలేదు. తన ఎస్‌యూవీ పుస్తకంలో ఐదు వేల పౌండ్లు లాగుతుందని ఉంది, ట్రెయిలర్ నాలుగు వేల రెండొందలు, ఇంకేం కావాలి అన్నారు.

నాలుగు వేల రెండొందలనేది ఖాళీ ట్రెయిలర్ బరువు, ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజుది. దాంట్లో నీళ్ళ ట్యాంకు నింపారు. గ్యాస్ సిలిండర్లు రెండు, పెద్ద బ్యాటరీ ఒకటి. ఆ పైన మన సంసారం ఎక్కింది. నలభై పౌండ్ల బియ్యం బస్తాలు మూడు, రాతి గ్రైండరు, ఇడ్లీ పాత్ర, గుడి నుంచి అరువు తెచ్చిన రెండు గుండిగలు, ఇనప పొయ్యి, మడత బల్లలు, ఆవకాయ జాడీ, రెండు పెట్టెల మామిడిపళ్ళు. తెల్లవాళ్ళు క్యాంపింగ్‌కి వెళ్తే బ్రెడ్డు తింటారు. మనం మూడు రోజులకి వెళ్తూ రుబ్బుకుని దోసెలు వేసుకుంటాం. నేను ఎస్‌యూవీ డ్రైవర్ తలుపు తీసి అక్కడున్న స్టిక్కర్ చూశాను. మనుషులూ సామానూ కలిపి పదకొండు వందల యాభై పౌండ్లు మించకూడదని దాని మీద ఉంది. ట్రెయిలర్ ముక్కు బండి మీద ఆనే బరువు కూడా అందులోకే వస్తుంది. అదొక్కటే ఐదారొందలు. బావగారు, అక్కయ్య, శిరీష, డిక్కీలో సామాను, కొక్కెం ఇనుము, అన్నీ కూడి చూస్తే దాటిపోయింది. ఇవతల ట్రెయిలర్ కూడా ఐదు వేలు దాటింది.

మా ఆయనతో చెప్పాను. మెల్లగా కాదు, గట్టిగానే చెప్పాను. "ఏమండీ, ఇది ప్రమాదం. మా యార్డులో శనివారం పొద్దున్న కాటా ఖాళీగా ఉంటుంది. పది నిమిషాల పని. తూయించి, ఎక్కువైతే సగం సామాను మన కార్లో వేద్దాం." ఆయన తల గోక్కున్నాడు, నీళ్ళు నమిలాడు, చివరికి పైకి వెళ్ళాడు. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. "అన్నయ్యా, వీళ్ళ యార్డులో కాటా ఉందట. సరదాగా ఒకసారి తూయిద్దామా?" సరదాగా! ఆ మాట వినగానే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బావగారు నవ్వారు. "ఇరవై ఏళ్ళు క్రేన్లతో బరువులెత్తించినవాణ్ణిరా. నాకు కాటా చెప్పాలా?" అన్నారు. మా ఆయన కూడా నవ్వాడు. కిందకొచ్చి, "చెప్పాను, చూసుకుంటానన్నాడు," అని మంచం మీద వాలిపోయాడు.

బయల్దేరే రోజు పొద్దున్న ట్రెయిలర్ తగిలించగానే ఎస్‌యూవీ వెనక భాగం కుంగి కూర్చుంది, ముందు లైట్లు ఆకాశం చూస్తున్నాయి. ఇక బరువు ఎక్కువైందని ఎవరికైనా తెలియాలి. బావగారు ఏం చేశారు? బియ్యం బస్తాలు, గ్రైండరు, గుండిగలు తీయించి ట్రెయిలర్ వెనక మూలకి పెట్టించారు. బండి చక్కగా సమానంగా లేచి నిలబడింది. "చూశావా, బ్యాలెన్స్ అయింది," అన్నారు. చూసేవాళ్ళకి అందంగానే ఉంది. మా ఆయనే మోసాడు ఆ గ్రైండర్ని, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని. పంజాబీ పెద్దాయన వద్దన్నది అక్షరాలా అదే. నేను వరండాలో ఫ్లాస్కులు పట్టుకుని నిలబడి చూశాను.

వాళ్ళు ముగ్గురూ ఎస్‌యూవీలో, వెనక మేమిద్దరం మా పాత కార్లో. హైవే ఎక్కి వేగం పెరిగాక ట్రెయిలర్ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలైంది. మొదట జానెడు. దారిలో బ్యారీ ఊళ్ళో కాఫీకి ఆగి, మళ్ళీ బయల్దేరాం. ఆ తర్వాత మూరెడు. "ఏమండీ, ఆపమనండి," అన్నాను. ఆయన లైట్లు కొట్టాడు, హారన్ కొట్టాడు. బావగారు కిటికీలోంచి చేయి బయటపెట్టి, అంతా బాగుందన్నట్టు ఊపారు. పది నిమిషాలు అలాగే వెళ్ళాం. పల్లంలో పెద్ద ట్రక్కు ఒకటి పక్కనుంచి దాటిపోయింది. ఆ గాలికి ట్రెయిలర్ ఒక్కసారిగా అడ్డంగా తిరిగింది, ఎర్రలైట్లు వెలిగాయి, అంటే బ్రేకు తొక్కారు. ఊగేటప్పుడు తొక్కకూడనిది అదే. ఎస్‌యూవీని తిప్పి తీసుకెళ్ళి కుడివైపు రాతిగోడకేసి కొట్టింది. కుడివైపు అక్కయ్య కూర్చుని ఉంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, మళ్ళీ కళ్ళు తెరవకుండానే పోయింది. బావగారికి భుజం ఎముక విరిగింది. శిరీష ఒంటి మీద గీత కూడా పడలేదు. బియ్యం రోడ్డంతా పరుచుకుని, దాని మీద కార్ల చక్రాలు జారుతుంటే పోలీసులు తిట్టుకోవడం నాకింకా వినపడుతుంది.

పదమూడో రోజున ఎవరో అడిగారు, ఎలా జరిగిందండీ అని. బావగారు కండువాతో కళ్ళు తుడుచుకుని, "పిల్ల జ్యూస్ కావాలని ఏడుస్తుంటే ఒక్క క్షణం వెనక్కి తిరిగానండీ, అంతే," అన్నారు. తిరిగారేమో, నాకు తెలియదు. కానీ దానికి చాలాసేపటి ముందే అది ఊగుతోంది, నా కళ్ళతో చూశాను. శిరీష స్తంభం పక్కన నిలబడి వింటోంది. నేను వడ్డిస్తున్నాను. సాంబారు గిన్నె అక్కడ పెట్టేసి ఒక్క మాట అని ఉండాల్సింది. ఆయన ముందు నోరు విప్పకూడదు గదా! పైగా పెళ్ళాం పోయిన మనిషి. మా ఆయన్ని రాత్రి నిలదీస్తే, "ఇప్పుడు చెప్పి అన్నయ్యని చంపమంటావా?" అన్నాడు. తర్వాత రెండేళ్ళు ఆ పిల్లకి తల దువ్వి స్కూలుకి పంపాను. మా ఆయనకి కనాటాలో టెలికాం ఉద్యోగం వచ్చి మేము వచ్చేశాం. ఆయన కూడా పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు అసూయే, దాచుకోను. శిరీష వాళ్ళ మామగారిని "దట్స్ రాంగ్ అంకుల్" అని మొహం మీదే అంటుంది, ఆయన నవ్వి సరే అంటాడు. ఎవరి పరువూ పోదు. ట్రెయిలర్ ఎంత బరువు, బండి ఎంత మోస్తుంది అని ఫోన్లో అంకెలు వేస్తే క్షణంలో లెక్క వచ్చేస్తుంది. మాకు లెక్క అప్పుడూ వచ్చు. లెక్క ఉంది, కాటా ఉంది, శనివారం ఖాళీ ఉంది. మర్యాద అని పేరు పెట్టుకుని ఆ ఇంట్లో మేము కాపాడింది ఒక మగవాడి మొహంలో సంతోషాన్ని. దానికి చెల్లించింది పద్మక్కయ్య. పాత రోజుల్లో మనుషుల మధ్య గౌరవం ఉండేదని ఎవరైనా నిట్టూరిస్తే నాకు వాళ్ళ నోట్లో గుడ్డలు కుక్కాలనిపిస్తుంది.

భోజనాలయ్యాయి. పిల్లలు పెరట్లోకి పరిగెత్తారు. నేను చేయి తుడుచుకుని వచ్చి శిరీష ఎదురుగా కూర్చున్నాను. "డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ ఉంటుంది, చూశావా?" అని మొదలుపెట్టాను. ఏడు వేలనేది లాగే లెక్క మాత్రమేననీ, మోసే లెక్క వేరనీ, ట్రెయిలర్‌ని నింపాక తూయించాలనీ, ముక్కు బరువు చూడాలనీ చెప్పాను. అది ఫోన్ పక్కనపెట్టి శ్రద్ధగా వింది. "సేల్స్‌మన్ ఇదేం చెప్పలేదు," అంది.

"కంపెనీ వాళ్ళు భయపెట్టడానికి రాస్తారమ్మా అవన్నీ," అన్నారు బావగారు. "ఎన్ని బరువులు చూడలేదు నేను."

"బావగారూ," అన్నాను. మా ఆయన పోయాక "భోంచేయండి, మందులేసుకున్నారా" వరకూ మాట్లాడుతున్నాను గానీ, ఇలా పిలవడం ఇదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అప్పుడూ ఇదే అన్నారు. గ్రైండరూ బియ్యమూ వెనక్కి పెట్టించారు. అందుకే ఊగింది. జ్యూస్‌కీ దానికీ సంబంధం లేదు. ఈ పిల్ల ఏడవడానికి పది నిమిషాల ముందు నుంచే ఊగుతోంది. వెనక నుంచి నేను చూశాను. పద్మక్కయ్య పోయింది మీ లెక్క వల్ల. దీని వల్ల కాదు."

పెద్దాయన, ఏడుస్తారేమో, అరుస్తారేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. "కాఫీకి ఆగాం," అన్నారు నిదానంగా. "బ్యారీలో. నువ్వు రఘుతో ఏదో అంటున్నావు, గాభరాగా. నేను అడిగాను, ఏమిట్రా అమ్మాయి ఏదో అంటోంది అని. ఏం లేదన్నయ్యా, బండి బాగుందంటోంది అన్నాడు వాడు. నేను నీ వైపు చూశాను. నువ్వు తల దించుకున్నావు." కాస్త ముందుకి వంగి, "నాతో అనాల్సిందమ్మా. తిట్టినా వినేవాణ్ణేమో. అప్పుడు నువ్వన్నదేమిటో నాకు ఇవాళే తెలుస్తోంది," అన్నారు.

ఇంతసేపూ ఇక్కడ ఇంత రాసుకొచ్చాను, మొగుణ్ణీ బావగారినీ ఆడిపోసుకున్నాను. కాఫీకి ఆగామని ఒక్క ముక్కలో దాటేశాను, చూడండి. ఆయన చెప్పింది నిజం. రెండు చేతుల దూరంలో ఉన్నారాయన, కాగితం కప్పు ఊదుకుంటూ. ఊగడం అప్పటికే చూశాను నేను. మా ఆయన అబద్ధం చెబుతుంటే నా చెవులతో విన్నాను. కాదు బావగారూ అని ఆ ఒక్క మాట అంటే ఏమయ్యేది? మరదలికి మర్యాద తెలియదనేవారు, అంతే గదా. తల దించుకుని వెళ్ళి కార్లో కూర్చున్నాను. చెప్పాల్సిన పని నాది కాదు, చెప్పించాను, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ అనుకోవడంలో కాస్త సుఖం కూడా ఉంది, అదీ నిజమే.

శిరీష అటు ఆయన్నీ ఇటు నన్నూ చూసింది. అది ఊపిరి పీల్చుకుంటుందని, నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తుందని, పప్పు తాలింపు వేస్తున్నప్పటి నుంచీ ఊహించుకుంటున్నాను. అది కదల్లేదు.

"నా తప్పు కాదని నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"ఆ రోజు నుంచీ."

"ఐ వాజ్ నైన్, పిన్నీ. రోజూ రాత్రి నీ పక్కనే పడుకునేదాన్ని. సారీ మామ్, సారీ మామ్ అనుకుంటూ నిద్రపోయేదాన్ని. నీకు వినపడేది కాదా?"

వినపడేది. గోడ వైపు తిరిగి పడుకునేది, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని. నేను వీపు నిమిరేదాన్ని, ఊరుకో అమ్మా అనేదాన్ని. అంతకు మించి ఒక్క మాట కూడా నా నోట్లోంచి రాలేదు. నాకు ఇప్పుడు జవాబు చెప్పిపెట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"వినపడేది," అన్నాను.

శిరీష లేచి నిలబడింది. బావగారి కోటు తెచ్చి ఒక్కొక్క చేయీ తొడిగింది, తొందరపెట్టలేదు. పిల్లల్ని పిలిచి కార్లో ఎక్కించింది. గడప దగ్గర ఆగి నా వైపు తిరిగింది. నాతో ఎప్పుడూ సగం ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, ఆ మాట మాత్రం తెలుగులోనే అంది.

"డాడీ తెలియక చేశారు. నువ్వు తెలిసి ఊరుకున్నావు."

"అవునమ్మా," అన్నాను. "తెలిసే ఊరుకున్నాను."